ఘోస్టు

దెయ్యం పాట పాడకూడదని నా అభిప్రాయం.
పాడినా రెండో చరణం పాడకూడదు.
మొదటి చరణానికి ఒళ్లు జలదరిస్తుంది,
రెండోదానికి తెల్లచీర మీద ఇస్త్రీ మడత కనిపిస్తుంది,
మూడోదానికి కాళ్లు కూడా కనిపిస్తాయి,
వాటికి హవాయి చెప్పులుంటాయి.

దాలినాయుడు ఒప్పుకోలేదు.
"పాడకపోతే అదీ ఒకప్పుడు మనిషేనని
మనకెలా తెలుస్తాదిరా?" అన్నాడు,
సెకండ్ షో వదిలాక జగదాంబ నుంచి
పూర్ణా మార్కెట్ మూసిన కొట్ల మధ్యగా
కాన్వెంట్ జంక్షన్ దాకా నడుస్తూ.

ఇద్దరం పోర్టులో, ఇనప ఖనిజం ఎగిరే బెర్తుల దగ్గర పని.
మా రుమాళ్లు ఎర్రన, గోళ్లు ఎర్రన,
దగ్గితే అదీ ఎర్రనే.
అందుకేనేమో ఇష్టం మాత్రం నలుపూ తెలుపూ.
రంగుల సినిమాలో నెత్తురు టమాటా రసం.
నలుపు తెలుపులో నెత్తురు నల్లగా పారుతుంది,
ఎవరిదో వెంటనే తెలీదు.

ఇంకా చెప్పనా?
తలుపు కిర్రుమంటే చాలు, వెనక ఎవరూ ఉండక్కర్లేదు.
హాస్యగాడు వణికితే జనం నవ్వాలి,
వాడు వణకడం మానేసినప్పుడు జనం వణకాలి.
పాత ప్రింటు గీతలు పడే రావాలి.
మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచే నాయిక మీద
మాకొక్కళ్లకే వాన పడేది.
ఆ వాననిప్పుడు ఎవరో తుడిచేశారు.
ఫోన్లో చూస్తే ఆవిడ మొహం కడిగిన స్టీలుగిన్నె.

జ్ఞానాపురంలో ఫిలోమినమ్మగారింట
తలుపులున్న టీవీ ఉండేది.
ఆదివారం సాయంత్రం కొట్టు తీసినట్టు
ఆ చెక్క తలుపులు రెండు పక్కలకీ తోసేది.
చాప మీద ముప్పైమందిమి.
తెర మీద మాత్రం అరవైమంది!
ప్రతి మనిషికీ కుడిపక్కన బొటనవేలంత దూరంలో
పాలిపోయిన ఇంకో మనిషి.
వార్తలు చదివే ఆవిడకి ఇంకో ఆవిడ,
క్రికెట్టు బంతికి ఇంకో బంతి.
దేన్ని కొట్టాలో బ్యాట్స్‌మన్‌కెలా తెలుస్తుందని
నేను నిజంగానే దిగులుపడ్డాను.

మెకానిక్ తవిటయ్య యాంటెన్నా తిప్పి తిప్పి దిగొచ్చాడు.
"సిగ్నలు ఇటు తిన్నగానూ వస్తంది,
యారాడ కొండకి కొట్టుకుని మళ్లీనీ వస్తంది.
లేటుగా వచ్చిన బొమ్మ అది.
దాన్ని ఘోస్టంటారు, బాబూ. నానేటి సేస్తాను,
కొండని కదపమంటారా?"

నా లెక్కలో నేను చూసిన అసలైన భయం సినిమా
అదే. ప్రతి ఆదివారం. టికెట్ లేకుండా.
సీరియల్లో ముసలి ప్లీడరు చచ్చిపోయిన రాత్రి
దాలినాయుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.
"ఈయన కళ్లు మూసేశాడ్రా.
పక్కనాయన ఇంకా ముయ్యలేదు."
నేనలాంటిదేం చూళ్లేదు.
రెండేళ్లు వాదించుకున్నాం దాని మీద.
రెండేళ్ల టీ డబ్బులు వాడివే.

తరవాత కేబుల్ వచ్చింది.
ఎవరి మొహం వాళ్లకే, అంచులు కత్తిరించినట్టు.
పిల్లలు చప్పట్లు కొట్టారు.
ఫిలోమినమ్మగారు మాత్రం కాసేపు చూసి
"ఒక్కళ్లే అయిపోయారు పాపం అందరూ" అని
తలుపులు దగ్గరగా వేసింది.

దాలినాయుడికి కుడి చెవి క్రేన్ల మోతకి పోయింది.
ఎడమ చెవితో నా మాట వినాలని
ఎప్పుడూ నాకు కుడిపక్కనే నడిచేవాడు.
పోయిన భాద్రపదంలో వాడూ పోయాడు.
ఆసుపత్రి తెర మీద పచ్చగీత ఒకటే.
పక్కన ఇంకోటి ఉందేమోనని చాలాసేపు చూశాను.

ఇప్పుడు బీచ్ రోడ్డు మీద ఒక్కణ్నే నడుస్తాను.
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ తిరిగి తిరిగి
నా మీదకొచ్చే లోపు
కొత్త సినిమాని గట్టిగా తిడతాను.
జవాబు వస్తుంది.
తిన్నగా రాదు, కొండకి కొట్టుకుని,
కొంచెం లేటుగా, కుడివైపు నుంచి,
నేనన్నదానికి ఎదురుగానే.

పాడడం మాత్రం లేదు.
అదొక్కటి నా మాట విన్నాడు, వెధవ.
వినకపోయినా బావుండేది.
ఒక్క చరణం.
రెండో చరణమైనా సరే.